అప్‌డేట్ తెచ్చిన తంటా

కెంచనగుడ్డలో మా అక్కావాళ్ల ఇల్లు తుంగభద్రకు దగ్గర. సిరుగుప్ప తాలూకా కాబట్టి చుట్టూ వరిమళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో రెండూ. 1953లో పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రవైపు వెళ్లాయి. సిరుగుప్ప మైసూరువైపు ఉండిపోయింది. మావాళ్ల మాట మాత్రం ఎటూ పోలేదు. కంప్యూటరు సంగతి చెబుతానని ఈ గొడవంతా ఎందుకంటారా? కాస్త ఓపిక పట్టండి.

ఆ మధ్య కార్తీకమాసంలో నేను వెళ్లేసరికి ఇంట్లో ఎవరి ముఖాలూ బాగాలేవు. మా మేనకోడలికి మర్నాడు పొద్దున 10 గంటలకు ఒక కంపెనీవాళ్ల ఆన్‌లైన్ పరీక్ష. ల్యాప్‌టాప్ మీదే రాయాలి, పక్కన ఫోను ఉండకూడదు. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్ చేసుకుంది. తెల్లవారి చూస్తే వైఫై గుర్తే లేదు. సన్నటి ల్యాప్‌టాప్ కావడంతో కేబుల్ గుచ్చుకునే చోటు కూడా లేదు. బావ దాన్ని పట్టణంలో ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. "కార్డు పోయింది, కొత్తది తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది" అన్నారట.

"మామా, నాలుగు రోజులకు నా పరీక్ష ఉంటుందా?" అంది పిల్ల. అక్క దానికన్నా ముందే కళ్లొత్తుకుంటోంది.

నేను చదివింది బి.కాం. కంప్యూటర్ల లోపల ఏముంటుందో నాకేం తెలుసు? కానీ ముప్ఫై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం ఒకటి నేర్పింది. లెక్క తేలనప్పుడు చివరిసారి ఏ రోజు ట్యాలీ అయిందో పట్టుకోవాలి, ఆ తర్వాత ఏం మారిందో చూడాలి. నిన్న రాత్రి దాకా వైఫై ఉంది. కింద పడలేదు, తడవలేదు. మారింది అప్‌డేట్ ఒక్కటే. అదే వైఫైకి నా ఫోను కలిపి చూశాను, వెంటనే కలిసింది. అంటే రౌటరు మంచిదే. తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

ఇప్పుడు ఆ రెండు భాషల సంగతి. సరిహద్దు బ్రాంచిల్లో తెలుగు తప్ప రాని రైతు, కన్నడం తప్ప రాని మేనేజరు ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో అటెండరు నిలబడి ఇటుమాట అటు చెబుతాడు. కంప్యూటర్లో ఆ దుబాసీ పేరు డ్రైవరు. వైఫై కార్డు ఒక భాష, ఆపరేటింగ్ సిస్టమ్ ఒక భాష. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి పాత దుబాసీని తీసేసి కొత్తవాడిని పెడుతుంది, లేదా పాతవాడికి కొత్త మేనేజరు మాట అర్థం కాదు. రైతు గుమ్మంలోనే ఉన్నాడు, పని మాత్రం కాదు. దుకాణంవాళ్లు రైతే పోయాడన్నారు.

మొదట రీస్టార్ట్ చేయించాను. పొద్దుట్నుంచి పదిసార్లు ఆపి తెరిచామన్నారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటే షట్‌డౌన్ చేసినా యంత్రం లోపలి స్థితిని కొంత దాచుకుని మళ్లీ దాన్నే తెరుస్తుంది. రీస్టార్ట్ అయితేనే అంతా మొదట్నుంచి మొదలవుతుంది. మాకు దానితో పని కాలేదు గానీ చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది.

తర్వాత డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ల వరసలో చూశాం. వైఫై కార్డు పేరు ఉంది, పక్కన పసుపుపచ్చ త్రికోణం. అది చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. కార్డు నిజంగా చచ్చిపోతే సాధారణంగా ఆ వరసలో పేరే కనబడదు. పేరు ఉండి గుర్తు పడిందంటే దుబాసీ మీదే అనుమానం. డబ్బు పెట్టి కార్డు మార్పించే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

ఆ పేరు మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ అనే పేజీ ఉంటుంది. అందులో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే పాత దుబాసీ తిరిగి వస్తాడు. మా ఖర్మకు ఆ మీట వెలిసిపోయి ఉంది, అంటే వెనక్కి వెళ్లడానికి పాతది దాచి లేదు. పెద్ద అప్‌డేట్ అయితే మొత్తం సిస్టమ్‌నే 10 రోజుల లోపు వెనక్కి తీసుకుపోయే వీలు కూడా ఉంటుంది. రేపు పరీక్ష పెట్టుకుని రాత్రి అంత సాహసం వద్దన్నాను.

పాత డ్రైవరు కావాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ కావాలంటే డ్రైవరు కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టుంది. ఇక్కడే ఫోను అక్కరకొచ్చింది. ఛార్జింగు తీగతో ఫోనును ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టాం. వైఫైతో పనిలేకుండా ఫోనులోని ఇంటర్నెట్ తీగ గుండా వచ్చింది. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే చౌక తీగలు కొన్ని ఉంటాయి, వాటితో కుదరదు. మాకు మూడో తీగ పనిచేసింది.

ఒక పొరపాటు చేశాం, చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి డ్రైవరు దించుకున్నాం. ఎక్కించినా ఫలితం లేదు. ఒకే మోడల్లో కూడా ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ ఇలా వేర్వేరు కార్డులు పెడతారట. అదే డివైస్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ చూస్తే కార్డు అసలు గుర్తింపు సంఖ్య ఉంది. ఖాతాదారు పేరు కాదు, ఖాతా నంబరు చూడాలని రోజూ క్లర్కులకు చెప్పే నేను ఆ మాట మరిచాను. సంఖ్య ప్రకారం ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచే కాస్త పాత తేదీ డ్రైవరు తెచ్చి ఎక్కించి రీస్టార్ట్ చేశాం. రాత్రి 9.40కి గుర్తు వెలిగింది. బావ "అన్నం పెట్టండి" అన్నాడు. పొద్దుట్నుంచి అదే మొదటి మాట.

నెట్‌వర్క్ రీసెట్ అని మరో మీట ఉంది. అది నొక్కితే దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, ముందుగా రాసిపెట్టుకోండి.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. 2023 డిసెంబరులో విండోస్ 11కు వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని విశ్వవిద్యాలయాల్లో, కార్యాలయాల్లో వైఫై అందలేదు. మైక్రోసాఫ్ట్ సంగతి ఒప్పుకుని సర్దుబాటు పంపింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పాత కార్డులున్న యంత్రాలు ఎన్నో ఇప్పుడు కొత్త సిస్టమ్‌కు మారుతున్నాయి. అలాగని అప్‌డేట్లు మానేయమని నేననను, బ్యాంకువాడిగా అసలే అనలేను. వాటిలోనే భద్రతకు సంబంధించిన మరమ్మతులుంటాయి. ముఖ్యమైన పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే వారం ముందే పాజ్ చేసుకోవచ్చు, పని కాగానే వదిలేయాలి.

పిల్ల పరీక్ష రాసింది. లెక్కలు కష్టంగా ఇచ్చారంది. ఆ డ్రైవరును నేనొక పెన్‌డ్రైవ్‌లో వేసి "జాగ్రత్తగా పెట్టక్కా" అని ఇచ్చాను. మొన్న వెళ్లినప్పుడు చూశాను, దేవుడి గూట్లో రేషన్ కార్డు పక్కన ఉంది. కుంకుమబొట్టు కూడా పెట్టింది.