ఎరుపెక్కాలంటే.. చలి పడాలి!

బెంగళూరు: అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న పిల్లలు ఫొటోలు పంపుతారు. వాకిట్లో నిప్పంటుకున్నట్టు ఓ ఎర్రటి చెట్టు. మనింట్లోనూ ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని ఇక్కడి పెద్దవాళ్లకు అనిపించడం సహజం. బెంగళూరు, హోసూరు చల్లటి ఊళ్లేగా అన్న ధీమా ఒకటి. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ చెట్టు జపాన్‌ మేపుల్‌. అక్కడివాళ్లు 'మొమిజి' అంటారు. చిన్న ఆకు, విప్పిన అరచేయిలా ఉంటుంది. క్యోటోలో నవంబరు చివర్లో రంగు బాగా తిరుగుతుంది. అది చూడ్డానికే జనం రైళ్లెక్కి వెళతారు.

ఆకు ఎర్రబడేది ఎరువుతో కాదు. పొద్దు తగ్గి రాత్రుళ్లు చల్లబడితే ఆకులో పచ్చదనం విరిగిపోతుంది. పగటి ఎండకు తయారైన చక్కెర ఆకులోనే మిగిలి, ఆంథోసయనిన్‌ అనే ఎర్రరంగు పుడుతుంది. ఆకు రాలాక చెట్టు నిద్రపోవాలి. అందుకు వారాల తరబడి గట్టి చలి కావాలి. బెంగళూరులో జనవరి రాత్రి సుమారు 15 డిగ్రీలు. మనకది స్వెట్టరు చలి, మేపుల్‌కు చలే కాదు. నిద్ర చాలని మొక్క సరిగా చిగురించదు. ఏటికేడాది నీరసిస్తుంది. ఏప్రిల్‌ ఎండకు అంచులు మాడతాయి.

ఇక ఆన్‌లైన్‌ విత్తనాల సంగతి. నీలం ఆకుల మేపుల్‌ లోకంలోనే లేదు. అది బొమ్మకు అద్దిన రంగు! అసలు విత్తనమే దొరికినా, తడిపి 3, 4 నెలలు ఫ్రిజ్‌లో ఉంచితేగానీ మొలవదు. మొలిచినా తల్లిచెట్టు రంగు వస్తుందన్న భరోసా లేదు. బ్లడ్‌గుడ్‌, ఒసకజుకి వంటి పేరున్న రకాలను అంటుకట్టి పెంచుతారు. ఆ పేర్లతో విత్తనాల పొట్లం అమ్ముతుంటే కొనకపోవడమే మంచిది.

అయినా పట్టు వదలనంటారా.. అంటు మొక్కే తెచ్చుకోవాలి. కుండీలో నీరు నిలవని మట్టి, ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ. కొన్నాళ్లు ఆకు అందం చూసుకోవచ్చు. రంగు మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

ఎర్రాకే ముఖ్యమనుకుంటే వీధుల్లో కనిపించే నాటుబాదం ఉండనే ఉంది. రాలేముందు ఆకులు ఎర్రబడతాయి, గట్టి చలి అడగదు. పెద్దచెట్టు కాబట్టి గోడకు దూరంగా వేయాలి. స్థలం లేనివారికి కుండీలో పాయిన్‌సెట్టియా చాలు. డిసెంబరు నాటికి పైఆకులు ఎర్రగా మారతాయి. దానికి కావాల్సింది పొడవాటి చీకటి రాత్రి. వీధిదీపం వెలుగు పడేచోట పెడితే ఆ ఎరుపూ రాదు.