పచ్చిచేపకు అల్లం విరుగుడా?

జపానులో ఉద్యోగం చేస్తున్న కుమారుని గురించి ఈమధ్య ఒక తల్లి నన్నడిగారు: “మావాడు సుషీ పేరుతో పచ్చిచేప తింటున్నాడు. వెంట అల్లం కూడా నములుతాడట. అల్లానికి క్రిములు చావవా, డాక్టరుగారూ?” నిత్యం రోగులకు అల్లం చెప్పే నేనే ‘చావవమ్మా’ అనవలసి వచ్చింది.

కొన్ని సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే క్రిమి డింభకాలు ఉంటాయి. రెండు మూడు సెంటీమీటర్ల పొడవున తెల్లని దారపు పోగులవలె కనబడతాయి. తిమింగలాలు, డాల్ఫిన్ల ఉదరం వాటి అసలు నివాసం. మనిషి కడుపులో అవి పెద్దవి కాలేవు. కాని చచ్చేలోగా జఠరపు గోడలోనికి తల దూరుస్తాయి. తిన్న కొన్ని గంటలకే తీవ్రమైన ఉదరశూల, వాంతులు ఆరంభమవుతాయి. కొందరికి దద్దుర్లు లేస్తాయి.

జపానువారి పూర్వాచారాలను తేలికగా కొట్టివేయరాదు. చేప చచ్చిన తరువాత పేగులలోని డింభకాలు కండలోనికి పాకుతాయి. కనుక పట్టిన వెంటనే పొట్ట శుభ్రం చేయడం, ముక్కను వెలుగులో పరిశీలించడం ప్రమాదాన్ని కొంత తగ్గిస్తాయి. అయితే మాకరెల్ చేపను ఉప్పు పట్టించి వెనిగర్‌లో నానబెట్టినా క్రిమి బతికే ఉంటుంది. వసాబీ ఘాటు కూడా దానిని చంపదు. జఠరామ్లాన్నే తట్టుకొనే ప్రాణికి వెనిగర్ ఒక లెక్కా!

మంచినీటి చేపల సంగతి మరింత బాధాకరం. ఈశాన్య థాయిలాండులో పచ్చిచేపను తరిగి, నిమ్మరసం, కారం కలిపి ‘కోయ్ ప్లా’ అని తింటారు. నిమ్మరసానికి ముక్క తెల్లబడి ఉడికినట్లు కనిపిస్తుంది, కాని లోపలి కాలేయపు క్రిమి చావదు. పిత్తనాళాలలో ఏళ్లతరబడి తిష్ఠ వేసే ఆ క్రిమి కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1994లో నిర్ధారించింది.

మన చేపల పులుసులో మనలను కాపాడేది చింతపండు కాదు, ఉడుకు. పచ్చిగానే తినదలిస్తే −20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు గడ్డకట్టించిన సముద్రపు చేపనే తినాలి. ఇంటి ఫ్రిజ్ అంతటి చల్లదనాన్ని నిలకడగా ఇస్తుందని నమ్మరాదు. నెదర్లాండ్స్‌లో హెర్రింగ్ చేపను గడ్డకట్టించడం 1968లోనే తప్పనిసరి చేశారు.

చరకసంహిత విమానస్థానంలో క్రిములకు మూడు ఉపాయాలున్నాయి: అపకర్షణం, ప్రకృతివిఘాతం, నిదానవర్జనం. మొదటిదానికి అర్థం క్రిమిని పట్టి తీసివేయడం. అనిసాకిస్ విషయంలో నేటి వైద్యులు చేసేదీ అదే. ఎండోస్కోపు దింపి, చిన్న పట్టకారుతో క్రిమిని బయటకు లాగుతారు. ఇక్కడ వాయువిడంగాల చూర్ణంతో కాలయాపన చేయరాదు.

ఆ తల్లికి చెప్పినది ఇంతే: “అబ్బాయిని సుషీ మానమనకండి. గడ్డకట్టించిన చేప వాడే చోటనే తినమనండి. ఆ రాత్రి కడుపులో నొప్పి వస్తే, ఏమి తిన్నాడో దాచకుండా వైద్యునికి చెప్పమనండి. అల్లం అంటారా, జీర్ణానికి మంచిదే, తిననివ్వండి.”