పెద్దలను లేచి నిలబడనివ్వండి

తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారి పట్ల ఎలా మెలగాలో దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా మనకు బోధిస్తున్నది. అల్లాహ్ దయవల్ల ఆ బోధ మన కుటుంబాలలో నేటికీ సజీవంగా ఉన్నది. కోడలు అత్తగారిని వంటగదిలోకి రానివ్వదు. కొడుకు తండ్రిని బజారుకు పోనివ్వడు. మంచినీళ్ళు మంచం దగ్గరికే వస్తాయి, అన్నం పళ్ళెం మంచం దగ్గరికే వస్తుంది, చివరికి వజూ నీళ్ళు కూడా అక్కడికే వస్తాయి. "ఇన్నాళ్ళూ కష్టపడ్డారు, ఇక హాయిగా కూర్చోండి అమ్మీ" అనే మాటలో ఎంతటి ప్రేమ ఉన్నదో మనందరికీ తెలుసు.

అయితే ఈ ప్రేమ వల్ల పెద్దలకు మేలుతో పాటు ఒక కీడు కూడా జరుగుతున్నది. పని లేని కండరం కరిగిపోతుంది. నడక తగ్గిన కాళ్ళు నడకనే మరచిపోతాయి. వయసు వల్ల వచ్చిందని మనం సరిపెట్టుకునే బలహీనతలో కొంత భాగం నిజానికి కూర్చోబెట్టడం వల్ల వచ్చినది. అది వ్యాయామంతో తగ్గుతుందని వైద్యశాస్త్రం రుజువు చేసింది. కాబట్టి పెద్దల ఖిద్మత్ అంటే ఏమిటో మనం మరొకసారి ఆలోచించవలసి ఉన్నది.

దుర్బలతను గుర్తించడం ఎలా?

వయసు మీరడం వేరు, దుర్బలత వేరు. 80 ఏళ్ళు దాటినా చురుకుగా తిరిగే పెద్దలు ఉన్నారు. 65 ఏళ్ళకే చిన్న జ్వరానికి మంచం పట్టి, మళ్ళీ కోలుకోలేని వారూ ఉన్నారు. ఈ రెండవ స్థితినే వైద్యులు దుర్బలత అంటారు. 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు దీనికి ఐదు లక్షణాలు నిర్ణయించారు. ప్రయత్నించకుండానే ఏడాదిలో సుమారు నాలుగున్నర కిలోలు, లేదా అంతకు మించి బరువు తగ్గడం, ఎప్పుడూ నిస్సత్తువగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ బాగా తగ్గిపోవడం. వీటిలో మూడు, లేదా అంతకు మించి ఉంటే ఆ వ్యక్తి దుర్బలుడు. ఒకటి రెండు ఉంటే దుర్బలతకు దగ్గరలో ఉన్నట్టు.

ఇంట్లో వీటిని గమనించడం కష్టం కాదు. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతుల ఊతం లేనిదే అమ్మీ లేవలేకపోతున్నారా? తడిగుడ్డ పిండలేకపోతున్నారా? ఇంతకుముందు ఆగకుండా మస్జిదుకు నడిచిన అబ్బా ఇప్పుడు దారిలో రెండుసార్లు నిలబడిపోతున్నారా? ఇవన్నీ శరీరం ముందుగా చేస్తున్న హెచ్చరికలు.

వీటిని పట్టించుకోకపోతే ఒక విషవలయం మొదలవుతుంది. బలం తగ్గితే పడిపోతామనే భయం పుడుతుంది. భయం వల్ల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే బలం మరింత తగ్గుతుంది. 2007లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో ఆరోగ్యవంతులైన పెద్దలను కేవలం 10 రోజులు మంచంపైనే ఉంచి చూడగా, వారి కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో తగ్గింది. వారికి ఏ జబ్బూ లేదు. పడుకోవడం తప్ప మరే కారణమూ లేదు. అటువంటప్పుడు ముందే బలహీనంగా ఉన్నవారిని నెలల తరబడి మంచానికి పరిమితం చేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

90 ఏళ్ళ వయసులో తిరిగివచ్చిన బలం

"ఈ వయసులో వ్యాయామమా?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఈ ప్రశ్నకు సమాధానం 1990లోనే లభించింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటున్న 10 మందికి మరియా ఫియటరోన్ అనే వైద్యురాలి బృందం బరువులతో వ్యాయామం చేయించింది. వారి వయసు 90 ఏళ్ళ ప్రాంతం. వారు వారానికి మూడు రోజుల చొప్పున 8 వారాలపాటు తొడ కండరాలతో బరువులెత్తారు. చేతికందిన తేలిక బరువులు కావవి; ప్రతి ఒక్కరూ ఒకసారి ఎత్తగల గరిష్ఠ బరువును కొలిచి, క్రమంగా దానిలో 80 శాతం వరకు పెంచారు. శిక్షణ పూర్తిచేసిన 9 మందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రను పక్కన పెట్టేశారు.

1994లో అదే బృందం సగటున 87 ఏళ్ళ వయసున్న 100 మందిపై మరింత పెద్ద పరిశీలన జరిపింది. కొందరికి వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. కొందరికి ఏదీ ఇవ్వలేదు. 10 వారాల తరువాత చూస్తే, వ్యాయామం చేసినవారి కండర బలం 113 శాతం, నడక వేగం సుమారు 12 శాతం పెరిగాయి. మెట్లెక్కే శక్తి కూడా పెరిగింది. పోషక పానీయం మాత్రమే తాగినవారిలో కండరాల బలహీనత తగ్గలేదు.

ఈ చివరి విషయం మన కుటుంబాలు ప్రత్యేకంగా గమనించదగినది. అమ్మీ నీరసంగా ఉన్నదంటే వెంటనే బలానికి పొడి డబ్బా కొని తెచ్చేవారు ఎందరో ఉన్నారు. ఆహారం అవసరమే. పప్పు, గుడ్లు, పాలు, చేప, మాంసం కండరానికి ముడిసరుకు. కానీ పని పడని శరీరంలో ఆ ముడిసరుకు కండగా మారదు.

మొదటి పరిశోధనలో మరొక గుణపాఠం కూడా ఉన్నది. శిక్షణ ఆగిపోయి, ఆ పెద్దలు తిరిగి కూర్చునే జీవితానికి మళ్ళిన 4 వారాలలోనే వారి గరిష్ఠ బలంలో 32 శాతం పోయింది. అంటే వ్యాయామం కోర్సు మాత్రల వంటిది కాదు, రోజూ తినే అన్నం వంటిది.

గడప దాటకుండానే

మన ఇళ్ళలోని వృద్ధ స్త్రీలు వ్యాయామశాలకు వెళ్ళరు, వెళ్ళనవసరమూ లేదు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా ఇటువంటి వారి కోసమే ఒక పద్ధతిని రూపొందించారు. 1997లో ప్రకటించిన వారి తొలి పరిశోధనలో పాల్గొన్నవారు 80 ఏళ్ళు, ఆపై వయసున్న 233 మంది స్త్రీలు. ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి, ఆమె శక్తిని బట్టి వ్యాయామాలు నేర్పి వెళతారు. ఆమె వారానికి మూడుసార్లు సుమారు అరగంటపాటు వాటిని ఇంట్లోనే చేస్తుంది. వీలైన రోజుల్లో నడుస్తుంది. ఆ తరువాత ఈ పద్ధతిపై జరిగిన నాలుగు పరిశోధనలలోని 1016 మంది వివరాలను కలిపి చూడగా, పడిపోవడాలు, వాటివల్ల కలిగే గాయాలు 35 శాతం తగ్గినట్లు తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా 65 ఏళ్ళు దాటినవారు వారంలో కనీసం మూడు రోజులు సమతుల్యతను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని సూచిస్తున్నాయి. నడక మంచిదే, కానీ నడక ఒక్కటే చాలదు.

ఇంట్లో చేయించదగినవి

1. కూర్చుని లేవడం: గట్టి కుర్చీని గోడకు ఆనించి, అంచున కూర్చోబెట్టాలి. పాదాలు నేలపై ఆనాలి. ముందుకు వంగి లేచి నిలబడి, మెల్లగా కూర్చోవాలి. మొదట చేతుల ఊతంతో 5 సార్లు చాలు. క్రమంగా ఊతం తగ్గిస్తూ 10 సార్లకు పెంచాలి. అన్నిటిలో ఒక్కటే చేయించగలిగితే దీనినే చేయించండి.

2. మోకాలు చాచడం: కుర్చీలో కూర్చుని ఒక కాలును నిటారుగా చాచి, కొద్దిసేపు నిలిపి దించాలి. ఒక్కో కాలితో 10 సార్లు. ఇది తేలికైన తరువాత ఇసుక నింపిన చిన్న గుడ్డసంచిని చీలమండకు కట్టవచ్చు. పదవసారికి కొంచెం కష్టమనిపించేంత బరువు ఉండాలి.

3. మడమలు ఎత్తడం: వంటగట్టును పట్టుకుని మునివేళ్ళపై లేచి దిగాలి. తరువాత మడమలపై నిలిచి వేళ్ళను ఎత్తాలి.

4. పక్క అడుగులు: గట్టును పట్టుకునే కుడివైపు పది అడుగులు, ఎడమవైపు పది అడుగులు వేయాలి.

5. సమతుల్యత: ఒక పాదం ముందు మరొక పాదాన్ని ఆనించి నిలబడాలి. అది సాధ్యమైన తరువాత ఒంటికాలిపై నిలబడే ప్రయత్నం చేయాలి. పక్కన ఆధారం, ఒక మనిషి తప్పక ఉండాలి.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవలి ఎముక విరుగుడు, తరచుగా కళ్ళు తిరగడం ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో చేయరాదు. ఊపిరి బిగపట్టరాదు. ఛాతీలో నొప్పి, తీవ్రమైన ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్యునికి చూపాలి. కండరాలలో ఒకటి రెండు రోజులు ఉండే తేలికపాటి నొప్పికి మాత్రం భయపడనవసరం లేదు. మోకాళ్ళ అరుగుదల ఉన్నవారికి కూడా తొడ కండరాల బలం మేలే చేస్తుంది.

సజ్దా, కుర్చీ

మస్జిదులలో కుర్చీల సంఖ్య ఏటేటా పెరగడం మేము చూస్తున్నాము. నిలబడలేని వారికి కూర్చుని, అదీ చేతకాని వారికి పడుకుని నమాజు చేసే వెసులుబాటును ధర్మం ప్రసాదించింది. అది కారుణ్యం. దానిని వినియోగించుకునే పెద్దలను ఎవరూ తక్కువగా చూడరాదు. నమాజు ఆరాధన, అది వ్యాయామం కాదు. అయితే నేలపై నుండి లేవడానికి తొడలలో బలం కావాలి. ఆ బలం పోయినప్పుడు పెద్దలు కోల్పోయేది సజ్దానే. నుదురు నేలకు ఆనించలేకపోతున్నామని కన్నీరు పెట్టుకునే వృద్ధులు మన మధ్యనే ఉన్నారు. కుర్చీలో కూర్చుని లేచే అభ్యాసం అందరికీ సజ్దాను తిరిగి ఇస్తుందని మేము చెప్పలేము. కానీ కొందరికి ఇవ్వగలదు. ఇంకా నేలపై నమాజు చేయగలుగుతున్న ఎందరికో ఆ భాగ్యాన్ని మరికొన్నేళ్ళు నిలపగలదు.

ఖిద్మత్ రూపం మారాలి

మంచం దగ్గరికి నీళ్ళు తీసుకువెళ్ళే కోడలు, అమ్మీ చేయి పట్టుకుని కుండ దగ్గరికి నడిపించడం కూడా ఖిద్మతే. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, ఓపిక ఎక్కువ కావాలి. కనుకనే అది మరింత ఉన్నతమైన సేవ. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, మనవడిని వెంటబెట్టుకుని మస్జిదుకు నడిచి వెళ్ళడం వంటి పనులను పెద్దల నుండి లాగేసుకోవద్దు. వాటితో బలమే కాదు, ఇంట్లో తన అవసరం ఇంకా ఉన్నదనే నమ్మకం కూడా నిలుస్తుంది.

ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఈ విషయం మరువరాదు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో 75 ఏళ్ళు దాటిన 370 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆసుపత్రిలో ఉన్న కొద్ది రోజులూ పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారు, మామూలు చికిత్స మాత్రమే పొందినవారికంటే మెరుగైన శక్తితో ఇంటికి వెళ్ళారు. కాబట్టి "వీరిని ఎప్పుడు లేపి కూర్చోబెట్టవచ్చు, ఎప్పుడు నడిపించవచ్చు?" అని వైద్యుని తప్పక అడగండి.

సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మద్రసా విద్యార్థులకు మేము ఒక మాట చెబుతుంటాము. దాదీ కాళ్ళు ఒత్తండి, దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉన్నది. ఒత్తిన తరువాత ఆమెకు మీ చేయి అందించి, ఆ కాళ్ళమీదనే పది అడుగులు నడిపించండి. చిన్నతనంలో మనం పడుతూ లేస్తూ నడక నేర్చుకున్నప్పుడు వారు విసుగు చెందలేదు. ఇప్పుడు వారి పక్కన నిలబడి, వారి వేగంతో నడవడం మన వంతు.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, ఆఫియత్‌ను, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.