పన్నెండుకీ పదహారుకీ మధ్య

రొద్దం లాంటి పల్లెలో ఆడపిల్లకు బంతి కొనిస్తే సరిపోదు. ఆ నాలుగేళ్లూ ఆమె ఆటను నిలబెట్టే క్లబ్బు కావాలి.

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కార్లు తయారుచేసే కియా, 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఫిఫా భాగస్వామి. ఆ కప్పు గెలిచింది స్పెయిన్. అదే స్పెయిన్‌లో, బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థిరపడ్డారు. ఆయన మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ఆధ్వర్యంలో 2000లో క్రీడా అకాడమీ వెలిసింది. ఊరూరి జట్లతో లీగులు ఆడించి, అందులో రాణించిన వారికి శిక్షణ ఇచ్చే పద్ధతిని ఆడపిల్లలకూ తెచ్చింది. 2018లో ఇక్కడి అమ్మాయిల జట్టు స్పెయిన్ వెళ్లి ఆడి వచ్చింది. అంటే రొద్దం, హిందూపురం, ధర్మవరం ప్రాంతానికి మహిళా ఫుట్‌బాల్ కొత్త ముచ్చటేమీ కాదు. ఆట ఇక్కడిదాకా వచ్చింది. తేలాల్సిందల్లా, మండలానికి ఇద్దరు ముగ్గురు అదృష్టవంతులను దాటి అది ప్రతి పల్లె పిల్లకూ అందేదెలా అన్నదే.

ఆడపిల్ల ఆట ఆగిపోయేది ప్రతిభ చాలక కాదు. ఆరో తరగతిలో అబ్బాయిలతో సమానంగా బంతి తన్నిన పిల్ల పెద్దమనిషి అయ్యాక గ్రౌండ్‌కు దూరమవుతుంది. పదో తరగతి అయ్యేసరికి ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఫుట్‌బాల్‌లో కాలు కుదిరేది, ఆట చదవడం వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. మన స్కూలు పోటీలేమో మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ ఏడాదిలో కొద్ది రోజుల్లో ముగిసిపోతాయి. ఎంపికలు ప్రతిభను వెతకగలవు గానీ పెంచలేవు. పన్నెండు నుంచి పదహారు దాకా ప్రతి వారం ప్రాక్టీసు, ప్రతి నెలా మ్యాచ్, ‘రేపు రా’ అని పిలిచే ఒక కోచ్ ఉండాలి. ఆ పని చేయగలిగింది యూత్ అకాడమీ ఉన్న క్లబ్బే.

ఇందుకు రుజువులున్నాయి. జార్ఖండ్‌లో రాంచీ దగ్గరి పల్లెల్లో 2009లో మొదలైన ‘యువ’ సంస్థ ఊళ్లలోనే అమ్మాయిల జట్లు కట్టింది. పెద్ద పిల్లల చేతే చిన్నవాళ్లకు శిక్షణ ఇప్పించింది. 2013లో ఆ సంస్థ జట్టు స్పెయిన్‌లో గాస్తెయిజ్ కప్‌లో మూడో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌లో చేరింది, 2024–25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. స్పెయిన్ తార ఐతానా బొన్మతీ పదమూడేళ్ల వరకు అబ్బాయిల జట్లలో ఆడి, ఆ తర్వాత బార్సిలోనా యూత్ జట్టులో చేరింది. ఆ క్లబ్ హాస్టల్ లా మాసియాలో అప్పటికి అమ్మాయిలకు చోటు లేదు, 2021లో గానీ ఇవ్వలేదు. అందుకే ఆమె తండ్రిని తోడు తీసుకుని బస్సు, రైలు ఎక్కి ప్రాక్టీసుకు వెళ్లేది. తర్వాత వరుసగా మూడేళ్లు బాలన్ డి ఓర్ గెలిచింది. ప్రపంచంలోకెల్లా పేరున్న అకాడమీలోనూ ఆడపిల్లకు ఎదురైన అడ్డంకి దారి, బస, తోడే. రొద్దం పిల్లకూ అవే అడ్డంకులు.

ఈ మూడింటికీ పరిష్కారం మన దగ్గరే ఉంది. వెనుకబడిన మండలాల్లోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకుంటున్నారు. సాయంత్రం బస్సు కోసం పరుగెత్తాల్సిన పనిలేదు, చీకటి పడుతుందన్న భయం లేదు. క్లబ్బు తన కోచ్‌ను అక్కడికి పంపి, చుట్టుపక్కల మండలాల విద్యాలయాల మధ్య లీగ్ నడిపితే, అకాడమీ అనంతపురంలో ఉన్నా దాని వేళ్లు పల్లెల్లో ఉంటాయి. కోచ్ మహిళ అయితే తల్లిదండ్రులకు సగం భయం తీరుతుంది. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి రాగులు, వేరుశనగ, గుడ్డు, ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష కూడా శిక్షణలో భాగమే. మోకాలి లిగమెంటు గాయాలు అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. ఫిఫా రూపొందించిన ఇరవై నిమిషాల వార్మప్ వ్యాయామాలు వాటిని గణనీయంగా తగ్గిస్తాయి. వాటికి కావాల్సింది ఖరీదైన పరికరాలు కాదు, నేర్పే మనిషి.

వానలు లేని సీమలో ఆటలకు డబ్బా అని అడిగేవారున్నారు. వందమందిలో ఒక్కరు కూడా దేశానికి ఆడకపోవచ్చు, నిజమే. కానీ వందమంది లెక్కల ట్యూషన్‌కు వెళ్తే వందమందీ ఇంజినీర్లు కారు, అయినా ట్యూషన్ దండగని ఎవరూ అనరు. అకాడమీని పతకాలతో కాదు, ఇంటర్ చదువుతూ ఆడుతున్న ఆడపిల్లలెందరన్న లెక్కతో కొలవాలి. పైకి వెళ్లేవారికి దారీ ఉంది. 2016–17 నుంచి ఇండియన్ విమెన్స్ లీగ్ నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచింది. 2025లో భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి, తొలిసారి క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి ఆసియా కప్‌కు చేరింది.

ముందు అబ్బాయిల జట్టు కుదురుకోనీ, అమ్మాయిలది తర్వాత చూద్దామన్న వాదన ఆటలకు డబ్బు దండగన్న మాటకన్నా ప్రమాదకరం. 1920లో ఇంగ్లండ్‌లోని గుడిసన్ పార్కులో మహిళల మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడటాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి యాభై ఏళ్లు పట్టింది. వాయిదా వేసిన హక్కుకు ఎంత ఆలస్యం జరుగుతుందో ఇది చెబుతుంది.

ఆర్డీటీ ఉంది కదా, మనకెందుకన్న నిశ్చింతా పనికిరాదు. 2025లో దాని విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ నిలిచిపోయినప్పుడు జిల్లా అంతా రోడ్డెక్కింది. ఒకే సంస్థ భుజాల మీద ఎంత బరువు పెట్టామో అప్పుడు తెలిసొచ్చింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వైభవం కూడా ఒకే శాఖను నమ్ముకున్నదే. అది తగ్గాక తెలుగు ఫుట్‌బాల్ తేరుకోలేదు. కంపెనీల చట్టం సామాజిక బాధ్యత కింద గ్రామీణ క్రీడల శిక్షణకు ఖర్చు పెట్టడానికి వీలిస్తోంది. కియా, దాని అనుబంధ పరిశ్రమలు, ధర్మవరం పట్టు వ్యాపారులు, విద్యాశాఖ తలో చేయి వేసి, ఆర్డీటీ అనుభవాన్ని తోడు తీసుకోవాలి. వచ్చే విద్యా సంవత్సరం నుంచే పెనుకొండ చుట్టుపక్కల బాలికల లీగ్ మొదలుపెట్టాలి. తల్లిదండ్రులను కోరేది ఒక్కటే: పదహారేళ్లు వచ్చేవరకైనా మీ పిల్లను గ్రౌండ్‌లో ఉండనివ్వండి.