భరణం కాగితంలో పన్ను లెక్క

నిజామాబాద్ జిల్లా మోస్రా లాంటి ఊళ్లో విడాకుల బేరం చాలాసార్లు కోర్టు కన్నా ముందు పెద్దమనుషుల దగ్గరే తేలుతుంది. "నెలనెలా ఇస్తరా, ఒక్కసారే ఇచ్చి తెంపుకుంటరా?" అని అడుగుతారు. ఆ జవాబును బట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ మారిపోతుందని భరణం తీసుకునే భార్యకు చెప్పేవాళ్లు తక్కువ.

ప్రతాప్‌గఢ్ రాకుమారి మహేశ్వరీదేవి కేసులో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పే నేటికీ దారి చూపుతోంది. నెలవారీ భరణం ఆదాయం కిందికి వస్తుంది, పన్ను ఉంటుంది. ఏకమొత్తంగా వచ్చేది మూలధనం, దానిపై ఉండదు. ఆ సొమ్మును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే.

తేడా ఎంత? నిజామాబాద్‌లో ఒక టీచరమ్మ ఉందనుకుందాం. మినహాయింపు పోను ఏడాదికి 10 లక్షల జీతం. 2025-26 కొత్త విధానంలో ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. నెలకు 25,000 భరణం కలిస్తే ఆదాయం 13 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి 78,000. అంటే మూడు నెలల భరణం పన్నుకే పోతుంది! వేరే ఆదాయం లేని ఆడబిడ్డకు ఈ బెంగ లేదు. అదే 25,000 వచ్చినా ఏడాదికి 3 లక్షలే, పన్ను పడదు.

ఇచ్చేవాడికీ ఊరట లేదు. భార్యాపిల్లలకు కోర్టు ఆదేశంపై ఇచ్చే మనోవర్తిని ఆదాయంలోంచి మినహాయించడం కుదరదని సీతల్‌దాస్ తీరథ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అతను పన్ను కట్టిన రూపాయి మీదే ఆమె మళ్లీ కట్టాలి. ఇది అన్యాయం, సరిదిద్దాలి. అమెరికాలో 2018 తర్వాత జరిగిన విడాకులకు ఫెడరల్ పన్ను ఒక్కసారే: ఇచ్చేవాళ్లకు మినహాయింపు లేదు, పుచ్చుకునేవాళ్లకు పన్ను లేదు.

ఇక భూమి. నిజాంసాగర్ కాలువ కింద రెండెకరాల వరి పొలం రాసిస్తే, ఆ పంట ఆదాయంపై ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. ఊళ్లోని సాగుభూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు కాబట్టి, రేపు అమ్ముకున్నా లాభంపై పన్ను లేదు. అయితే పొలం పట్టణానికి దూరంగా ఉండాలి: జనాభాను బట్టి బోధన్ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, నిజామాబాద్ హద్దు నుంచి 6 కిలోమీటర్లు దాటాలి. మోస్రా పొలాలకు ఆ చిక్కు లేదు. అదే నిజామాబాద్‌లో ఇంటి జాగా ఇస్తే, అమ్మిన నాడు ఆమెకు లాభంపై పన్ను తప్పదు. అందుకే సంతకానికి ముందే ఆ జాగాను ఎప్పుడు, ఎంతకు కొన్నారో తెలిపే పాత దస్తావేజు నకలు అడిగి తీసుకోవాలి. ఆ ధర ఆధారంగానే రేపటి లాభం లెక్కకడతారు.