వెన్నుపూసలో ఒంటి గడ్డ: కరెంటు పెట్టించాక మనం ఏం చేయాలి?

గద్వాలలో మగ్గం గుంటలో కూర్చునేవారికైనా, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో నాట్లకు, వేరుశనగ పనులకు వెళ్లేవారికైనా నడుము నొప్పి కొత్త కాదు. అందుకే చాలామంది మాత్రలు వేసుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తారు. పడుకున్నా నొప్పి తగ్గకపోతే, కాళ్లు తిమ్మిరెక్కితే అప్పుడు స్కానింగు తీయిస్తారు. వెన్నుపూస కుంగిందని తేలితే ముందుగా వెన్ను టీబీ అనే అనుమానం వస్తుంది. ముక్క పరీక్ష చేస్తేనే అసలు జబ్బు బయటపడుతుంది. అలా బయటపడే అరుదైన జబ్బుల్లో సాలిటరీ ప్లాస్మాసైటోమా ఒకటి.

ఇది ఏమి జబ్బు?

మన ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలు ఉంటాయి. రోగాలతో పోరాడే పదార్థాలను తయారు చేయడం వాటి పని. వాటిలో ఒక కణం అదుపు తప్పి, ఒకే చోట పెరిగి గడ్డ కడితే దాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఎముకల్లో వచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేది వెన్నుపూసలోనే. ఇదే జబ్బు మూలుగ అంతటా వ్యాపిస్తే దాన్ని మల్టిపుల్ మైలోమా అంటారు. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి తినవచ్చు, ఒకే ఇంట్లో ఉండవచ్చు.

చికిత్స ఎలా ఉంటుంది?

ముఖ్యమైన చికిత్స రేడియేషన్. దీన్నే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగైదు వారాలు ఇస్తారు. వెన్నుపాము నొక్కుకుపోయినా, పూస నిలబడలేని స్థితిలో ఉన్నా ముందు ఆపరేషన్ అవసరం కావచ్చు. రేడియేషన్ తర్వాత పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆ చోట గడ్డ మళ్లీ పెరగదు. కుంగిన పూస మాత్రం పాత ఆకారానికి రాదు. కాబట్టి కొంత నొప్పి మిగిలినంత మాత్రాన జబ్బు తిరిగి వచ్చిందని భయపడనక్కరలేదు. కొత్త నొప్పి వచ్చినా, ఉన్న నొప్పి పెరిగినా డాక్టరుకు చెప్పండి.

"ఇక తగ్గిపోయినట్టేనా సిస్టర్?"

కుటుంబాలు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆ చోటి గడ్డ తగ్గినా, శరీరాన్ని కనిపెట్టి ఉండాల్సిన పని ఇంకా ఉంటుంది. ఎముకలో ఈ గడ్డ వచ్చినవారిలో సుమారు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ మందికి, పదేళ్లలోపు మైలోమా వస్తుంది. చాలామందిలో అది మొదటి రెండు నుంచి నాలుగు సంవత్సరాల్లోనే కనిపిస్తుంది. మూలుగ పరీక్షలో చెడు కణాలు అసలు లేకపోతే మూడేళ్లలో అలా మారేది పది మందిలో ఒకరికే. కొద్దిపాటి కణాలు ఉన్నా ఆ సంఖ్య ఆరుగురి దాకా పెరుగుతుంది. అందుకే మూలుగ పరీక్ష రిపోర్టును డాక్టరుతో వివరంగా చెప్పించుకోండి.

ఆశ వదులుకోవలసిన పని లేదు. సగం మంది పదేళ్లు, అంతకు మించి జీవిస్తున్నారు. మైలోమా వచ్చినా ఈ రోజుల్లో మంచి మందులు ఉన్నాయి. తగినవారికి మూలకణ మార్పిడి కూడా చేస్తారు. అయితే మూత్రపిండాలు చెడకముందు, ఎముకలు విరగకముందు కనిపెడితేనే ఆ చికిత్స బాగా పనికొస్తుంది.

తిరిగి చూపించుకోవడం కూడా చికిత్సే

మొదటి సంవత్సరాల్లో మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి రక్త, మూత్ర పరీక్షలు, డాక్టరు చెప్పినప్పుడు స్కానింగు అవసరం. రక్తంలో ఎం ప్రోటీన్ అనే పదార్థాన్ని చూస్తారు. రేడియేషన్ అయి ఏడాది దాటినా అది పోకపోతే మరింత జాగ్రత్తగా ఉండాలి.

మనిషి లేచి తిరుగుతున్నాడు, నొప్పి లేదు, బస్సు ఖర్చు ఎందుకు అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. బొంబాయి, పూణె వైపు పనులకు వెళ్లేవారు రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకుని వెంట తీసుకెళ్లండి. వాటి నకళ్లు ఇంట్లోనూ ఉంచండి.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఈ చికిత్స అందిస్తాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏ చికిత్సకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అదే రోజు ఆసుపత్రికి తీసుకురావలసిన లక్షణాలు

• కాళ్లలో బలం తగ్గడం, నడక తూలడం
• నడుము కింద స్పర్శ తెలియకపోవడం
• మూత్రం ఆగిపోవడం, లేదా మల మూత్రాలు అదుపు తప్పడం

ఇవి వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తులు. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

కొత్త చోట ఎముక నొప్పి, రక్తం తగ్గి నీరసం, మాటిమాటికీ జ్వరం, కాళ్ల వాపు, విపరీతమైన దాహంతో మలబద్ధకం కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా డాక్టరును కలవండి.

ఇంట్లో జాగ్రత్తలు

• మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సూదులు వాడవద్దు. ఈ జబ్బులో మూత్రపిండాలను కాపాడుకోవడం చాలా ముఖ్యం.
• నడుము తొక్కించడం, పట్టు పట్టించడం, బరువులు ఎత్తడం చేయించవద్దు.
• డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి.
• రోగి దగ్గర జబ్బు సంగతి దాచవద్దు. కాలు తిమ్మిరెక్కడం మొదట తెలిసేది ఆయనకే. ఎందుకు చెప్పాలో తెలిస్తేనే వెంటనే చెబుతారు.

తర్వాత రావలసిన తేదీని ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోండి.