కాకటీల్‌కు కొర్ర కంకి

ప్రమోషన్‌తో పాటు బదిలీ ఉత్తర్వూ వచ్చింది. సామాన్లకు ప్యాకర్లున్నారు. మా అమ్మాయి పెంచుకునే కాకటీల్ సంగతే తేలలేదు. చెయ్యి దగ్గరికి వస్తే చాలు, బెదిరి పంజరమంతా కొట్టుకునేది. బలవంతంగా పెట్టెలో పెడితే రెక్క విరగవచ్చు. చేతిలో ఉన్నది మూడు వారాలు.

(మన రామచిలుకను పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్ ఆస్ట్రేలియా జాతి చిలుక.)

ముందు దాని ఇష్టం కనిపెట్టాం. గిన్నెలో కొర్ర కంకి, పొద్దుతిరుగుడు గింజలు, జామ ముక్క, కొత్తిమీర పెడితే రోజూ మొదట కంకి మీదికే వెళ్లేది. ఆ కంకిని రోజువారీ మేత నుంచి తీసి శిక్షణకే దాచాం. కడుపు మాత్రం మాడ్చలేదు.

మొదటి వారం కంకి పట్టుకుని పంజరం పక్కన కూర్చోవడమే పని. తర్వాత చేతి నుంచి తినిపించడం, వేలెక్కించడం, చివరికి పెట్టెలోకి నడిపించడం. చెప్పినట్టు చేసిన క్షణంలోనే ‘శభాష్’ అని రెండు గింజలివ్వాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చామో దానికి తెలియదు. మేతకు ముందు ఐదేసి నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. కరిస్తే అరవకండి. బెదిరితే ఒక మెట్టు వెనక్కి రండి.

పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వెక్కువ, మితంగా ఇవ్వాలి. చాక్లెట్, అవకాడో చిలుకలకు విషం.

ప్రోత్సాహకాల గురించి మేనేజ్‌మెంట్ క్లాసులో చదివాను కానీ, మెప్పు వెంటనే అందాలన్న సంగతి ఈ పిట్ట దగ్గరే అర్థమైంది. బయల్దేరే రోజు అది తనంతట తానే పెట్టెలోకి నడిచింది. మా అమ్మాయి నెమ్మదిగా తలుపు వేసింది.